మెదక్ చర్చిలో ఈ క్రిస్మస్ వేకువ

2024 డిసెంబరు 25 నాటికి మెదక్ చర్చికి నూరేళ్లు నిండాయి. మా మ్రొక్కుబడి వయసు ఎనిమిది నెలలు మాత్రమే. ఏప్రిల్‌లో మా వారికి పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడినప్పుడు, నా కొడుకు తన కాళ్లమీద నడిస్తే క్రిస్మస్‌కు నీ మందిరానికి తీసుకొని వస్తాను ప్రభువా అని మా అత్తగారు ఆసుపత్రి వరండాలో మ్రొక్కుకున్నారు. ఆ మ్రొక్కు నాది కాదు. మూడు వారాలు ఉపవాసముండి అడిగినా ఆయన నోట నా పేరు సరిగా రాకపోయేసరికి నేను ప్రార్థన మానివేశాను. సంఘస్థులు ఇంటికి వచ్చి ప్రార్థిస్తుంటే కళ్లు మూసుకొని పెదవులు కదిపేదాన్ని, అంతే. ఆగస్టులో అత్తగారు ప్రభువునందు నిద్రించారు. అక్టోబరులో ఆయన చేతికర్ర ఊతంతో వాకిలిదాకా నడిచారు. అది వ్యాయామం చేయించిన ఫలితమని నేను సరిపెట్టుకున్నాను. ఆయన మాత్రం తడబడే నాలుకతో, "అమ్మ మొక్కు తీర్చాలె" అన్నారు.

కామారెడ్డి నుండి బయలుదేరి రాత్రికి మెదక్ చేరాము. ఆవరణలో చెట్లకింద చాపలు, దుప్పట్లు, చలికి ముడుచుకొని పడుకొన్న పిల్లలు. 175 అడుగుల శిఖరం దీపాల వెలుగులో తెల్లగా నిలబడి ఉంది. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని కల్పించి, కూలికి బదులు తిండి పెట్టి, 1914 నుండి 1924 వరకు కట్టించిన మందిరమిది. తన నాయనమ్మ దీనికోసం తలమీద రాళ్లు మోసి, కొంగులో గింజలు తెచ్చి పిల్లలను బ్రతికించుకున్నదని అత్తగారు చెప్పేవారు. ఆమె మ్రొక్కు ఇక్కడికే ఎందుకు చేరిందో ఆ రాత్రి నాకు అర్థమైంది.

వేకువ ఆరాధనకు తలుపుల దగ్గర జరిగిన తోపులాట తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది. దేవుని సన్నిధికి వచ్చిన మనం కర్ర పట్టుకొన్న మనిషికి రెండడుగుల దారి ఇవ్వలేమా? ముందున్నవారు ఎత్తిపట్టిన ఫోన్లలో తప్ప బలిపీఠం కనబడలేదు. ఆయన కుడికాలు వణకడం మొదలైంది. వెనుదిరిగిపోదామని నేను అంటుండగా, స్తంభం పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ ఆయన చెయ్యి పట్టుకొని, "గీడ కూసో బిడ్డా, ఎందుకు నిలబడ్తవు" అని తాను పక్కకు జరిగి చోటిచ్చింది. ఎప్పుడో ఇంగ్లండు నుండి తెచ్చి పరచిన ఆ నేలపలకలు మంచులా ఉన్నాయి. ఆమె తన భుజంమీది గొంగడి తీసి ఆయన పాదాలకింద రెండు మడతలు వేసి పరచింది. అంచు చిరిగి, పొయ్యిపొగ వాసన వేస్తున్న ఆ నల్లని గొంగడి తప్ప ఆమెకు చలికి మరొకటి లేదు. నేను వద్దంటే వినలేదు. పాపన్నపేట దిక్కు నుండి ముందురోజే నడిచి వచ్చిందట.

క్రీస్తు జననాన్ని చూపే రంగు అద్దాల కిటికీ కోసం నేను వెదికాను. అత్తగారు ప్రతి ఏడూ దాని గురించే చెప్పేవారు. నల్లని చీకటి తప్ప అక్కడ ఏమీ లేదు. ఆ బొమ్మ ఏదని అడిగితే ముసలమ్మ, "తెల్లారనియ్యి బిడ్డా, అది ఆడనే ఉన్నది" అన్నది.

పాటలు, వాక్యం, ప్రార్థనలు సాగుతున్నాయి. ఒకసారి తలెత్తి చూస్తే అద్దం బూడిదరంగుకు తిరిగి ఉంది. మరికొంతసేపటికి ఒక మూల రంగు పుట్టింది, అది నెమ్మదిగా పాకింది, ఆ వెలుగులోనుండి మరియమ్మ, ఆమె దగ్గర పసిబిడ్డ బయటపడ్డారు. చుట్టూ ఎవరో నెడుతూనే ఉన్నారు, నాకు తెలియలేదు. దేవుని శక్తి అంటే పడిపోయిన మనిషిని క్షణంలో లేపి నిలబెట్టడమేనని నేను ఆయనకు షరతు పెట్టాను. ఇక్కడ ఆ సర్వశక్తుడు ఒకరు ఎత్తుకొని పాలు పడితే తప్ప బ్రతకలేని బిడ్డగా పడుకొని ఉన్నాడు. ఎనిమిది నెలలుగా మా వారిని ఎత్తి కూర్చోబెట్టి, ముద్ద కలిపి పెట్టి, మూతి తుడిచిన నా చేతుల వైపు చూసుకున్నాను. ఆ రాత్రులన్నిటిలో తెల్లవారి మళ్లీ లేవడానికి నాకు బలం ఎక్కడినుండి వచ్చిందని నేను ఒక్కనాడూ అడగలేదు. అప్పుడు ఏడ్చాను. ఆయన ఎడమచేత్తో తన కుడిచేతిని ఎత్తి, రెండూ జోడించి, "ప్రభువా" అన్నారు. ఆ మాట స్పష్టంగా వచ్చింది.

గొంగడి తిరిగి ఇస్తూ డబ్బు ఇవ్వబోతే ముసలమ్మ నొచ్చుకుంది. కాళ్లకు దండం పెట్టనిచ్చింది గానీ పేరు చెప్పలేదు. మెట్లు దిగేటప్పుడు ఆయన నా భుజం పట్టుకోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చాప పరచి పిల్లలను పిలిచాను. ఎవరు ప్రార్థన చేస్తారని చిన్నది అడిగింది. నేను చేస్తానన్నాను.