ఆపరేషన్ వాయిదా పడిన 96 రోజులు

ఏప్రిల్ 29 మధ్యాహ్నం మత్తు డాక్టర్ గారు నా కింది కనురెప్పను వేలితో లాగి చూశారు. మే 7న జరగాల్సిన నా బరువు తగ్గే ఆపరేషన్ అక్కడే ఆగిపోయింది.

నాకు 41 ఏళ్ళు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. ఇంటికి దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పటి బరువు 112 కిలోలు. అంటే బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) దాదాపు 45. మావారి కంపెనీ పాలసీలో ఈ ఆపరేషన్‌కి బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి దానితోపాటు గుండె జబ్బో, అదుపులో లేని షుగరో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగిపోతుండటం) ఉండాలి. నాకు మొదటిదే సరిపోయింది. రెండేళ్ళు ఆలోచించి, వేసవి సెలవుల్లో అయితే స్కూల్‌కి ఇబ్బంది ఉండదని మే నెల ఎంచుకున్నాను. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెప్పేశాను. అనకాపల్లిలో ఆడపడుచు వాళ్ళకీ తెలుసు.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ప్రోటీన్ పౌడర్, పల్చటి మజ్జిగ, సూపు మాత్రమే తీసుకోవాలి. కాలేయంలో ఉన్న కొవ్వు తగ్గి అది కాస్త చిన్నదవుతుంది, అప్పుడే దాని కింద ఉన్న కడుపు దగ్గరికి లాపరోస్కోపీ గొట్టాలు సులువుగా వెళ్తాయి. ఆ రోజుకి నాది ఏడో రోజు. ఇంట్లో మా అత్తగారు కొత్తావకాయ కలుపుతున్నారు. ఆ వాసనకి తలుపు వేసుకుని కూర్చున్నాను. అంత గట్టిగా నిలబడ్డాను.

డాక్టర్ గారు నెమ్మదిగా అడిగారు. "మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అమ్మా?"

"వస్తుందండీ. ఈ బరువుకి రాదా మరి?"

ఆయన దానికి ఏమీ అనలేదు. గోళ్ళు చూశారు. "ఐస్ ముక్కలు గానీ, పచ్చి బియ్యం గానీ తినాలనిపిస్తుందా?"

నేను మావారి వైపు చూశాను. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయనకి చెప్పని విషయం అది ఒక్కటే. బియ్యం డబ్బా తీసినప్పుడల్లా గుప్పెడు నోట్లో వేసుకుంటాను. స్కూలు బ్యాగులో కూడా చిన్న డబ్బా ఉంటుంది. తిండి మీద అదుపు లేనిదాన్ని కాబట్టే ఇలా చేస్తున్నానని, లావవడానికి ఇదీ ఒక కారణమని సిగ్గుపడుతూ దాచుకున్నాను. తల ఊపాను.

ముందురోజు ఇచ్చిన రక్తం రిపోర్టు ఆయన ముందు ఉంది. హిమోగ్లోబిన్ 7.6. ఆడవాళ్ళకి 12 ఉండాలి. ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ, 4. "ఈ రక్తంతో మీకు మత్తు ఇవ్వలేను. ముందు రక్తం ఎక్కడికి పోతోందో తెలుసుకోవాలి. మూడు నెలలు పట్టొచ్చు" అన్నారు.

బయటికొచ్చి నేరుగా ఇంటికి వెళ్ళలేకపోయాను. ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చున్నాం. మావారు చాలాసేపటికి, "బియ్యం సంగతి నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. ఏడ్చాను. ఆయన వెళ్ళి రెండు పొట్లాలు మురీ మిక్చర్ కొనుక్కొచ్చారు. ఏడు రోజుల తర్వాత పళ్ళతో నమిలి తిన్నది అదే. తప్పు చేస్తున్నానన్న భావంతోనే తిన్నాను.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. చిన్నప్పుడు విజయనగరంలో మా ఇంట్లో "బియ్యం బుక్కితే పెళ్ళికి వాన పడతాది" అని అమ్మ చేతి మీద కొట్టేది. అది ఇనుము తక్కువైతే వచ్చే లక్షణమట అని చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేనూ బుక్కేదాన్నే" అంది.

ఆ మాట దగ్గరే నాకు కోపం మొదలైంది. నాలుగేళ్ళుగా ఓపిక లేదని, గుండె దడగా ఉందని, జుట్టు రాలుతోందని ఎంతమందికి చెప్పానో. ఒక డాక్టరైతే నేను చెప్పేది పూర్తి కాకముందే "ముందు బరువు తగ్గండి, అన్నీ అవే పోతాయి" అని చీటీ రాసి పంపేశారు. ఒక్క రక్త పరీక్ష రాయలేదు. నేనూ అడగలేదు. ఏ బాధ వచ్చినా అది బరువు వల్లే అనుకోవడం నాకూ అలవాటైపోయింది. ఆ కోపం ఇప్పటికీ ఉంది.

రక్తం ఎక్కడికి పోతోందో గైనకాలజిస్టు గారు పది నిమిషాల్లో పట్టుకున్నారు. నెలసరి ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడుతున్నాయా అని అడిగారు. తొమ్మిది పది రోజులు, మొదటి మూడు రోజులు రాత్రి లేచి మార్చుకోవాలి అని చెప్పాను. నాకు పీసీఓడీ (అండం నెలనెలా సరిగ్గా విడుదల కాని సమస్య) ఉంది, అది ఉన్నవాళ్ళకి ఇంతేనేమో అనుకునేదాన్ని. స్కాన్‌లో గర్భాశయం లోపలి పొర 17 మిల్లీమీటర్లు ఉంది. ఒంట్లో కొవ్వు కూడా ఈస్ట్రోజెన్ తయారు చేస్తుందట. అండం సరిగ్గా విడుదల కాని వాళ్ళలో దానికి అడ్డుకట్ట వేసే ప్రొజెస్టిరాన్ ఉండదు. దాంతో ఆ పొర దళసరిగా పెరుగుతూ పోతుంది. ముక్క తీసి బయాప్సీకి పంపాలన్నారు.

రిపోర్టుకి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజుల్లో మా ఇంట్లో ఎవరూ క్యాన్సర్ అనే మాట అనలేదు. మా అత్తగారు పొద్దున్నే దీపం పెట్టి సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టుకునేవారు, ఏం మొక్కుకున్నారో చెప్పలేదు. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తి చేశాడు. వాడు రోజూ రాత్రి నా గదిలోకి వచ్చి ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు, ఏమీ మాట్లాడకుండా. రాత్రి రెండింటికి మెలకువ వస్తే నిద్ర పట్టేది కాదు. పదో తరగతి పాత ప్రశ్నపత్రాలు తీసి లెక్కలు చేసుకునేదాన్ని. మిగతా ఏ ఆలోచనకీ చోటివ్వనిది నాకు అదొక్కటే.

మే 17న రిపోర్టు వచ్చింది. హైపర్‌ప్లాసియా, అటిపియా లేదు. అంటే పొర పెరిగింది గానీ కణాలు చెడు మార్పు వైపు వెళ్ళలేదు. గర్భాశయంలో హార్మోన్ విడుదల చేసే చిన్న పరికరం అమర్చారు. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర గర్భం రాకుండా చూసుకోవాలి కాబట్టి అదీ దీనితోనే గడిచిపోతుంది. ఆరు నెలలకి మళ్ళీ బయాప్సీ.

ఇక ఇనుము. గోంగూర, తోటకూర, బెల్లం అని చుట్టాలందరూ చెప్పారు. నాలాంటి స్థితిలో తిండితో ఆ లోటు పూడదు. మాత్రలు కూడా అంతగా పనిచేయకపోవచ్చని డాక్టర్ చెప్పారు. ఒంట్లో కొవ్వు బాగా ఎక్కువైనప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది, అది పేగుల నుంచి ఇనుమును రక్తంలోకి రానివ్వదు. అందుకే నరం ద్వారా ఎక్కించారు. డికాషన్ రంగులో ఉంటుంది ఆ సెలైన్. వారం తేడాతో రెండుసార్లు, ఒక్కోసారి 1000 మిల్లీగ్రాములు. ఒక్కోదానికి అరగంట పట్టింది.

రెండోది ఎక్కిన పది రోజులకి ఒక ఉదయం బియ్యం కడుగుతున్నాను. కడగడం అయిపోయి కుక్కర్ మూత పెట్టేశాక గుర్తొచ్చింది, నోట్లో వేసుకోలేదని. వేసుకోవాలని కూడా అనిపించలేదు. ఇన్నేళ్ళూ నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి అక్కడే స్టవ్ పక్కన నిలబడిపోయాను.

అంతా ఇలాగే సాగిందని కాదు. వాయిదా పడిన మొదటి రెండు వారాల్లో మూడు కిలోలు పెరిగాను. ఎలాగూ ఆపరేషన్ లేదు కదా అని కొత్తావకాయ, ముద్దపప్పు, నెయ్యి. డైటీషియన్ కోప్పడలేదు. ఆ ద్రవాహారం మూడు నెలలు చేసేది కాదని, చేస్తే రక్తం ఇంకా తగ్గుతుందని చెప్పారు. కంచంలో ముందు గుడ్డో, చేపో, పప్పో తినడం, ఆఖర్న అన్నం. భోజనం అయిన వెంటనే టీ తాగకూడదు, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఇరవైసార్లు నమలడం. ఆపరేషన్ తర్వాత ఎలా తినాలో అలా ఇప్పుడే అలవాటు చేసుకోమన్నారు. హిమోగ్లోబిన్ 10 దాటేవరకు గట్టి వ్యాయామం వద్దన్నారు.

ఫోన్లు మాత్రం తట్టుకోలేకపోయాను. "ఏటమ్మా, ఆపరేషన్ అయిపోయిందా? ఎన్ని కిలోలు తగ్గావు?" రోజుకి నలుగురు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పడం, అవతల వాళ్ళు "దేవుడు వద్దన్నాడేమో" అనడం. చివరికి మా ఆడపడుచుకి చెప్పాను, "వదినా, ఎవరడిగినా నువ్వే చెప్పు, నా వల్ల కావట్లేదు" అని. "తేదీ ఖాయమయ్యాక మేమే చెబుతాం" అనే ఒక్క మాట ఆవిడ అందరికీ చెప్పింది. మీరు వాయిదాలో ఉంటే ఇంట్లో ఒకరికి ఈ పని అప్పగించండి. నాకు మందుల తర్వాత మందులాంటి సాయం అదే.

జూన్ రెండో వారంలో స్కూలు తెరిచారు. సెలవుల్లో అయిపోవాల్సిన పనికి ఆగస్టులో మూడు వారాల సెలవు అడగాల్సి వచ్చింది. జీతం కోతతో ఇచ్చారు. ఇన్సూరెన్స్ అనుమతి మళ్ళీ మొదటినుంచి తెచ్చుకున్నాం. ఆ తిరుగుడంతా మావారే తిరిగారు.

జూన్ 14న హిమోగ్లోబిన్ 9.8. జూలై 9 సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్లు నడిచే జనం మా వెంకోజీపాలెం మీదుగానే వెళ్తారు. ఏటా మా వీధివాళ్ళు మజ్జిగ పంచుతారు, ఏటా నేను కుర్చీలో కూర్చుని గ్లాసులు అందించేదాన్ని. ఈసారి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా నిలబడే పోశాను. అప్పటికి నా బరువు 110. తగ్గింది రెండు కిలోలు మాత్రమే. ఆయాసం రాలేదు.

జూలై 12న 11.6 వచ్చింది. అప్పుడు సర్జన్ గారు ఇంకో మాట చెప్పారు. మే నెలలో నాకు బైపాస్ (గుండెకి కాదు, కడుపుకి చేసేది) చేద్దామనుకున్నారు. ఇనుము ఎక్కువగా ఒంట్లోకి వెళ్ళేది చిన్నపేగు మొదటి భాగంలో. బైపాస్‌లో తిండి ఆ భాగాన్ని తప్పించి వెళ్తుంది. నా రక్తం సంగతి తెలిశాక స్లీవ్ అనే ఇంకో రకం ఆపరేషన్‌కి మార్చారు. అందులో కడుపులో దాదాపు 80 శాతం తీసేసినా పేగుల దారి మారదు. ఇది తెలియకుండా మేలో బైపాస్ అయ్యుంటే నేను ఏ స్థితిలో ఉండేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

జూలై 28న మళ్ళీ ద్రవాహారం మొదలైంది. మధ్యలో వరలక్ష్మీ వ్రతం. బూరెలు, పులిహోర నేనే చేశాను, నైవేద్యం పెట్టి పక్కకి వచ్చేశాను. ఆగస్టు 11న ఉదయం ఆపరేషన్ థియేటర్లో అదే మత్తు డాక్టర్ గారు. మళ్ళీ కింది కనురెప్ప లాగి చూశారు. "ఎర్రగా ఉంది" అన్నారు.

ఇప్పటికి రెండు నెలలు. బరువు 93. ఐరన్, బీ12, విటమిన్ డీ, కాల్షియం రోజూ వేసుకుంటున్నాను, ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు తేడా పెట్టి. రెండో బయాప్సీ నవంబర్ మూడో వారంలో ఉంది. అమ్మకి కూడా రక్త పరీక్ష చేయించాం. ఆవిడకి 9.1 వచ్చింది, మొన్న సోమవారం నుంచి మందులు మొదలుపెట్టారు.