వెరో సెల్ బ్యాంకులో దాగిన వైరస్ కోసం సీక్వెన్సింగ్: నా అనుభవం

వెరో అనే కోతి కిడ్నీ కణాలను వ్యాక్సిన్ల తయారీకి గడ్డకట్టించి దాచే బ్యాంకులో ఉండకూడని వైరస్ ఏదైనా ఉందా అని సీక్వెన్సింగ్‌తో, అంటే జన్యుపదార్థంలోని బేస్‌ల (అక్షరాల) వరస చదివి, వెతకడం మా పని. 2010లో పసిపిల్లలకు వేసే రోటావైరస్ వ్యాక్సిన్‌లో పంది సర్కోవైరస్ డీఎన్ఏ బయటపడింది. అప్పటిదాకా ఉన్న పరీక్షలన్నీ దాటుకుని వచ్చిన వ్యాక్సిన్ అది. దాన్ని పట్టింది సీక్వెన్సింగే. కణాల నుంచి తీసే బయోటెక్ మందుల విషయంలో 2023 నవంబరు నాటి ఐసీహెచ్ (మందుల నియమాలను దేశాల మధ్య ఏకం చేసే సంస్థ) క్యూ5ఏ మార్గదర్శకం సవరణ, ఎలుకల్లోకీ కోడిగుడ్లలోకీ శాంపిల్ ఎక్కించి చూసే పాత పరీక్షలకు బదులు దీన్ని వాడుకోనిచ్చింది.

ముందుగా కణాలను వడిగా కాకుండా నెమ్మదిగా తిప్పి, పైతేట వేరు చేస్తాం. చాలామంది 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి పోస్తారు. నేను పోయను. పాక్స్ లాంటి పెద్ద వైరస్‌లు అక్కడే చిక్కుకుపోతాయి. తర్వాత న్యూక్లియేజ్ (డీఎన్ఏ, ఆర్ఎన్ఏలను ముక్కలు చేసే ఎంజైమ్) వేసి 37 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచితే, పగిలిన కణాల డీఎన్ఏ కరిగిపోతుంది. తొడుగు లోపలున్న వైరస్ జన్యుపదార్థానికి ఏమీ కాదు. గంట అవగానే ఎంజైమ్‌ను ఆపే ఈడీటీఏ కలిపి, ఆలస్యం చేయకుండా తొడుగు పగలగొట్టే లైసిస్ బఫర్‌లో వేసేయాలి. అక్కడ తాత్సారం చేస్తే తొడుగు విప్పుకున్న వైరస్‌ను కూడా అదే ఎంజైమ్ తినేస్తుంది. కణాల ఆర్ఎన్ఏను వేరే ట్యూబులో తీస్తాం, ఎందుకంటే నిద్రపోతున్న వైరస్‌ కాక పనిచేస్తున్న వైరస్ ఉంటే అది అందులోనే కనపడుతుంది.

పద్ధతి పనిచేస్తోందని రుజువు చేయడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ల ఐదు వైరస్‌ల ప్యానెల్ ఉంది: ఎప్‌స్టీన్‌-బార్, ఆర్‌ఎస్‌వీ, రియోవైరస్, పిల్లి లుకేమియా వైరస్, పంది సర్కోవైరస్ 1. వీటిని ఒక ట్యూబులో కావాలని కలిపి (స్పైక్ చేసి) చూస్తాం. మిల్లీలీటరుకు అన్నీ 10,000 జీనోమ్ కాపీలే వేసినా రీడ్స్ (యంత్రం చదివిన జన్యు ముక్కలు) సమానంగా రావు. ఎప్‌స్టీన్‌-బార్ జీనోమ్ సుమారు 1,72,000 బేస్‌లు, సర్కోవైరస్‌ది 1,760 లోపే. కాపీలు ఒకటే అయినా రీడ్స్‌లో దాదాపు వంద రెట్ల తేడా. మీ పరీక్ష ఎంత తక్కువ వైరస్‌ను పట్టగలదో నిర్ణయించేది చిన్నదైన సర్కోవైరస్సే. పైగా దాని డీఎన్ఏ ఒంటిపోగు. రెండో పోగు అల్లకుండా సీక్వెన్సింగ్‌కు కావాల్సిన అడాప్టర్ (చిన్న డీఎన్ఏ తోక) అతికించబోతే అసలు అంటుకోదు. రియోవైరస్‌ది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, రెండు పోగుల ఆర్ఎన్ఏ. 95 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు వేడిచేసి, వెంటనే ఐసులో దించకపోతే ప్రైమర్లకు (కాపీ మొదలుపెట్టే చిన్న ముక్కలకు) పట్టు దొరకదు, లైబ్రరీలో (సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన ముక్కల్లో) రియో ఆనవాలే ఉండదు. రియో రాలేదని కిట్ మార్చేముందు ఈ మెట్టు చూసుకోండి.

ఈ స్పైక్ ట్యూబును అసలు శాంపిల్ నడిచే రన్‌లో పెట్టొద్దు. ముక్క ఏ శాంపిల్‌దో చెప్పే గుర్తులైన ఇండెక్స్‌లు తారుమారై కొన్ని స్పైక్ రీడ్స్ పక్క శాంపిల్ లెక్కలోకి వెళ్తాయి. రెండు వైపులా ప్రత్యేక ఇండెక్స్‌లు వాడితే ఇది బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఖాళీ బఫర్ కంట్రోల్‌ మాత్రం మొదటి ట్యూబు నుంచి చివరిదాకా శాంపిల్ వెంటే నడవాలి. ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్‌లు చాలావరకు ఎలుక లుకేమియా వైరస్ జన్యువు నుంచి తయారైనవి, ఆ ముక్కలు రీడ్స్‌లో తేలతాయి. 2013లో కొత్త పార్వోవైరస్ అనుకున్నది చివరికి జన్యుపదార్థం వేరుచేసే సిలికా కాలమ్‌ల నుంచి వచ్చిందని తేలింది. ఖాళీ ట్యూబు లేకుండా ఇచ్చిన పాజిటివ్‌ను నేను నమ్మను.

కంప్యూటర్ పనిలో నాదొక పట్టు ఉంది. కోతి జీనోమ్‌కు సరిపోయిన రీడ్స్‌ను ముందే తీసేయను, అన్నిటినీ మొదట వైరస్ డేటాబేస్‌తో పోలుస్తాను. వెరో జీనోమ్‌లోనే కోతి రెట్రోవైరస్ వరసలు ఉన్నాయి. ముందే తీసేస్తే, వాటిని పోలిన నిజమైన వైరస్ కూడా కొట్టుకుపోతుంది. హెర్పిస్ అని వచ్చిన హిట్‌ను తెరిచి చూస్తే తరచుగా ఒకే బేస్‌ల వరస మళ్లీ మళ్లీ వచ్చే ముక్కే ఉంటుంది.

తరచూ ఎదురయ్యే గట్టి చిక్కు పశువుల వైరస్ బీవీడీవీ. కోటి రీడ్స్‌లో ఓ పది, దాని 12,300 బేస్‌ల జీనోమ్ పొడవునా చెదిరి కనిపిస్తాయి. ఖాళీ ట్యూబులో ఉండవు. అంటే వైరస్ ఆర్ఎన్ఏ నిజంగానే శాంపిల్‌లో ఉంది. కానీ కణాలను పెంచడానికి వాడే పశువుల సీరంలో, గామా కిరణాలు కొట్టాక వైరస్ చచ్చినా ఆర్ఎన్ఏ మిగిలే ఉంటుంది. అందుకని కణాలను బాగా కడిగి, బీవీడీవీ ఆర్ఎన్ఏ లేదని తేలిన సీరంలో మూడు పాసేజ్‌లు (కణాలను కొత్త పాత్రలోకి మార్చిన ప్రతిసారీ ఒకటి) పెంచుతాం. ప్రతి పాసేజ్‌లో రీడ్స్ లెక్కిస్తాం, మైనస్ పోగు (వైరస్ ఆర్ఎన్ఏకు ఎదురు కాపీ) కోసం విడిగా చూస్తాం. పెరుగుతున్న వైరస్‌కే మైనస్ పోగు ఉంటుంది. లెక్క సున్నాకు పడిపోయి, మైనస్ పోగు కూడా కనపడకపోతే అది సీరం నుంచి మిగిలిన ఆర్ఎన్ఏ. లెక్క పెరిగితే ఆ బ్యాంకు ఆగిపోవాల్సిందే.

ఇప్పుడు సీరం లాట్ వచ్చిన రోజే ఒక ట్యూబు తీసి మైనస్ 80 ఫ్రీజర్‌లో పెడుతున్నాం, బ్యాంకు శాంపిల్‌తో పాటు అదే రన్‌లో నడపడానికి.