రాయగడలో గీసి విశాఖలో కోయించిన ఇంపెల్లర్

మాది రాయగడలో లేత్ షాపు. నాన్న పెట్టింది. రైసు మిల్లుల పుల్లీలు, షాఫ్టులు, బుష్‌లు మా రోజువారీ పని. బేరాలు ఒడియాలో, షాపులో మాటలు తెలుగులో. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్స్ మిషన్ మొదలుపెట్టాక ఈ చుట్టుపక్కలకి సామల పొట్టు తీసే మిషన్లు వచ్చాయి. వాటి వెనకే రిపేర్లూ వచ్చాయి.

ఆ మిషన్‌లో ముందు పోయేది ఇంపెల్లర్. గింజ దాని మధ్యలో పడుతుంది, తిరిగే రెక్కలు బయటికి విసురుతాయి, చుట్టూ ఉన్న గోడకి కొట్టుకుని పొట్టు ఊడుతుంది. పొట్టులో సిలికా ఉంటుంది కాబట్టి రెక్కల అంచులు ఆకురాయి పెట్టినట్టు అరిగిపోతాయి. ఓ మహిళా సంఘం వాళ్లు అలాంటిదే ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. కంపెనీ స్పేర్ పంపడం లేదట, డ్రాయింగూ లేదు. వంపు రెక్కలు లేత్ మీద వచ్చేవి కావు. విశాఖలో వీఎంసీ మీద, అంటే కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మిల్లింగ్ మిషన్ మీద కోయించాలి. మోడల్, ప్రోగ్రాం మనమే ఇస్తే ఖర్చు తగ్గుతుందని ఫ్యూజన్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ పట్టుకున్నాను.

ఇది ఆటోడెస్క్ వాళ్లది. 2024లో పేరు మార్చేవరకు ఫ్యూజన్ 360. ఉచిత లైసెన్సు ఉంది గానీ అది సొంత సరదాకి వాడుకునేవాళ్ల కోసం. పది ఫైళ్లకి మించి ఒకేసారి ఎడిట్‌లో ఉంచుకోలేం. ప్రోగ్రాంలో టూల్ ఛేంజ్, అంటే మధ్యలో కట్టర్ మార్చే ఆదేశం, రాదు. కట్టర్ గాల్లో కదిలేటప్పుడు కూడా కోత వేగంతోనే నడుస్తుంది. చేతులు తిరిగేదాకా దాంతోనే నేర్చుకున్నాను. డబ్బు తీసుకునే పనికి అది చెల్లదు కాబట్టి తర్వాత నెలవారీ చందా కట్టాను. ఫైళ్లన్నీ క్లౌడ్‌లో ఉంటాయంటే వానాకాలంలో మా కరెంటూ నెట్టూ తలచుకుని టెన్షన్ పడ్డాను గానీ, కావలసిన ఫైలు ముందే దించుకుంటే ఆఫ్‌లైన్‌లో పని నడుస్తుంది. రెండు వారాలకోసారైనా నెట్ తగిలితే చాలు.

అరిగిన ముక్కని ఫొటో తీసి, దాని మీద గీసుకునేలా స్క్రీన్ వెనక కాన్వాస్‌గా పెట్టాను. ఫొటోలో రెండు చుక్కలు నొక్కి వాటి మధ్య అసలు దూరం ఎంతో చెబితే బొమ్మ సరైన సైజుకి వచ్చేస్తుంది. ఫొటో కాస్త ఏటవాలుగా ఉన్నా కొలతలు నమ్మలేం. అందుకే వంపు ఆకారానికే దాన్ని వాడి, బోరు (షాఫ్టు దూరే రంధ్రం), కీవే (షాఫ్టు జారకుండా తాళం కూర్చునే గాడి), రెక్క మందం వెర్నియర్‌తో కొలిచి పారామీటర్లుగా, అంటే తర్వాత మార్చుకోగల పేరున్న అంకెలుగా రాసుకున్నాను. ఒక్క రెక్క గీసి దాన్నే చుట్టూ ఆరుగా తిప్పాను.

తర్వాత మాన్యుఫాక్చర్ విభాగం, అంటే కోత ప్రోగ్రాం తయారుచేసే చోటు. ఈ భాగం 2012లో ఆటోడెస్క్ కొనుక్కున్న హెచ్‌ఎస్‌ఎం‌వర్క్స్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది, గట్టి సరుకే. ముడి దిమ్మ సైజు ఇచ్చి, హబ్ (రెక్కలు కలిసే మధ్య భాగం) పైన మధ్యలో జీరో (కొలతల మొదలు) పెట్టి, అడాప్టివ్ క్లియరింగ్ అనే గరుకు కోత వేస్తే స్క్రీన్ మీద దిమ్మ కరుగుతూ ఇంపెల్లర్ బయటపడుతుంది. మా మేస్త్రి కళ్లజోడు సవరించుకుని చూసి, ‘బాగుంది బాబూ, ఈ కట్టరు వాళ్ల దగ్గరుందా?’ అన్నాడు. సరైన ప్రశ్న. సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో లేని కట్టర్ లేదు. విశాఖ షాపుకి ఫోన్ చేసి వాళ్ల కట్టర్లు, వాటిని పట్టుకునే హోల్డర్ల పొడవులు అడిగి వాటినే ఎక్కించాను.

మోడల్ చూసి అక్కడి ఆపరేటర్ ఫోన్ చేశాడు. ‘రెక్క హబ్‌ని కలిసే మూలలో రేడియస్ 3 పెట్టావు తమ్ముడూ. 6 ఎంఎం కట్టర్ దించాలి, లోతేమో 30. ఊగుతుంది. 5 చేసెయ్, 8 ఎంఎంతో లాగేస్తా.’ ఫోన్‌లో మాట్లాడుతూనే పారామీటర్లలో 3 తీసి 5 కొట్టాను. ఆరు రెక్కల మూలలూ మారాయి. కట్టర్ నడిచే దారులైన టూల్‌పాత్‌ల పక్కన పాతబడ్డాయని గుర్తు వచ్చింది. కట్టర్ మార్చి జనరేట్ నొక్కితే మళ్లీ లెక్క కట్టుకుంది. బొమ్మ ఒకచోట, ప్రోగ్రాం ఇంకోచోట చేయించే రోజుల్లో ఈపాటి మార్పుకి ఇద్దరి చుట్టూ తిరగాలి, మధ్యలో ఎవరో ఒకరు పాత ఫైలు వాడేస్తారు. చందా డబ్బు నాకు ఇక్కడే గిట్టుబాటు అయింది. ప్రోగ్రాంని వాళ్ల మిషన్‌లోని ఫాన్యుక్ కంట్రోలర్ భాషలోకి మార్చే పోస్ట్‌తో జీకోడ్, అంటే మిషన్ చదివే ఆదేశాలు, తీసి పంపాను.

జాబ్ రైల్లో వచ్చింది. సెంటర్ ఆఫ్ మాస్ ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ ముందే చెప్పినా, మేస్త్రి దాన్ని మాండ్రెల్ కడ్డీ‌కి ఎక్కించి ఒకవైపు బరువెక్కువ ఉందేమో రెండు పట్టాల మీద దొర్లించి చూశాకే మిషన్‌కి బిగించనిచ్చాడు. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగేదానికి అంత జాగ్రత్త ఉండాల్సిందే.

మిషన్ నడుస్తోంది. వాళ్లని చూసి గుణుపురం వైపు నుంచి ఇంకొకరు వచ్చారు. ఇంపెల్లర్ అదే, షాఫ్టు మాత్రం లావు. బోరు, కీవే అంకెలు మార్చి అడ్వాన్సు తీసుకున్నాను.