మా ఆఫీసులో రూట్ బ్రిడ్జ్‌ని మార్చిన కథ

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు. అన్ని అంతస్తుల స్విచ్‌లనీ కలిపే కోర్ స్విచ్ కింద ఉంటుంది, రెండు, మూడు అంతస్తుల నుంచి దానికి గిగాబిట్ లింకులు. అయినా మూడో అంతస్తు వాళ్ళకి సర్వర్ నుంచి ఫైల్ రావాలంటే నత్తనడకే. లింక్ లైట్లు వెలుగుతున్నాయి, కేబుళ్ళు బాగున్నాయి.

స్విచ్‌ల మధ్య ఒకటికి మించి దారులుంటే డేటా లూపులో తిరుగుతూనే ఉండిపోతుంది. అలా కాకుండా అదనపు దారుల్ని బ్లాక్ చేసే ప్రోటోకాలే స్పానింగ్ ట్రీ. ఒక స్విచ్‌ని రూట్ బ్రిడ్జ్‌గా (రూట్‌గా) ఎంచుకుని, దాన్నిబట్టే దారులు తేలుస్తుంది. కోర్‌లో 'షో స్పానింగ్ ట్రీ' కమాండ్ కొట్టి చూశాను. రూట్ అది కాదు! పైగా మూడో అంతస్తుకి వెళ్ళే పోర్ట్ బ్లాక్ అయి ఉంది. రూట్ పోర్ట్ (రూట్ వైపు వెళ్ళే పోర్ట్) పట్టుకుని స్విచ్ తర్వాత స్విచ్ వెతుక్కుంటూ పోతే, ప్రింటర్ల దగ్గర ఎప్పటిదో వంద ఎంబీపీఎస్ (గిగాబిట్‌లో పదో వంతు వేగం) స్విచ్ తేలింది. రెండు అంతస్తుల స్విచ్‌లకీ దాన్నుంచి కేబుళ్ళు ఉన్నాయి. మూడో అంతస్తు ట్రాఫిక్ అంతా దాని మీదుగా రెండో అంతస్తుకి దిగి, అక్కణ్ణించి కోర్‌కి చేరుతోంది.

"అన్నా, ఈ 32778 ఎవరు పెట్టారు?" అన్నాడు నాతో పనిచేసే గుంటూరు కుర్రాడు, ఆ పాత స్విచ్ ప్రయారిటీ నంబర్ చూసి.

ఎవరూ పెట్టలేదు. డిఫాల్ట్ ప్రయారిటీ 32768, దానికి వీల్యాన్ (అవే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) నంబర్ 10 కలిసింది. ఆన్ అవగానే ప్రతి స్విచ్ 'నేనే రూట్' అంటూ రెండు సెకన్లకోసారి బీపీడీయూ (స్పానింగ్ ట్రీ సందేశం) పంపుతుంది. తనకంటే చిన్న బ్రిడ్జ్ ఐడీ (ప్రయారిటీ, మ్యాక్ అడ్రస్ కలిపిన నంబర్) వినపడితే వెనక్కి తగ్గుతుంది. ప్రయారిటీలు సమానమైతే చిన్న మ్యాక్ అడ్రస్‌దే (తయారీలోనే స్విచ్‌కి ఇచ్చే నంబర్) గెలుపు. స్పీడ్, ధర, వయసు ఏవీ లెక్కలోకి రావు. ఒకే కంపెనీ స్విచ్‌లలో పాతవాటికే చిన్న మ్యాక్ ఉండటం మామూలే, మా దగ్గరా అదే జరిగింది. 1985లో రేడియా పెర్ల్‌మన్ ఈ ప్రోటోకాల్ తయారు చేసింది లూపులు రాకుండా చూడటానికి. ఆ పని మా నెట్‌వర్క్‌లోనూ చక్కగానే చేసింది. రూట్ ఎక్కడుండాలో చెప్పాల్సింది మాత్రం మనమే.

పగలు ముట్టుకోలేదు. మాది పాత రకం స్పానింగ్ ట్రీ, పోర్ట్ తెరుచుకోవడానికి లిజనింగ్ దశకి 15, లెర్నింగ్ దశకి 15, మొత్తం 30 సెకన్లు. వీడియో కాల్‌లో ఉన్న మేనేజర్‌కి అది చాలా ఎక్కువ! రాత్రి కోర్‌కి ప్రయారిటీ 24576, దానికి స్టాండ్‌బైగా రెండో అంతస్తు స్విచ్‌కి 28672 ఇచ్చాం. ఈ అంకెలు 4096 మెట్లలోనే పోవాలి, మధ్యలో ఏదో ఒకటి ఇస్తే తీసుకోదు.

మళ్ళీ చూస్తే కోర్‌లో 'దిస్ బ్రిడ్జ్ ఈజ్ ద రూట్' అని వచ్చింది. మూడో అంతస్తు లింక్ తెరుచుకుంది, పాత స్విచ్‌లోనే ఒక పోర్ట్ బ్లాక్ అయింది. దాన్ని తీసేసి కొత్తది పెడదామంటే పర్చేజ్ వాళ్ళ ఆమోదం ఇంకా రాలేదు. అందుకే కోర్ నుంచి పైకి వెళ్ళే పోర్టులకి రూట్ గార్డ్ కూడా పెట్టాం. అటువైపు నుంచి ఇంకా చిన్న ఐడీతో ఎవరైనా రూట్ అంటూ వస్తే, ఆ పోర్టే ఆగిపోతుంది.