ముక్కును పక్కన పెట్టిన సాయంత్రం

చెన్నై నుంచి విశాఖకు సాయంత్రం విమానం. పన్నెండు వేల అడుగులు దాటుతుండగా కాక్‌పిట్‌లో ఏదో వాసన వచ్చింది. కాలుతున్న వాసన కాదు, తడిసి మూలపడ్డ సాక్సుల కంపు. పొగ జాడే లేదు. కో-పైలట్‌నైన నేను తల తిప్పేలోపే కెప్టెన్‌గారు "మాస్కు పెట్టుకో అమ్మా" అన్నారు.

నిజం చెప్పాలంటే, ఇంతదానికి మాస్కులెందుకు అనిపించింది. వాసన అప్పటికే తగ్గినట్టుంది. అయితే తగ్గింది వాసనో, దానికి అలవాటుపడ్డ ముక్కో తెలిసేదెలా?

ఆ మాస్కును ఒంటిచేత్తో ఐదు సెకన్లలో తగిలించుకోవాలి. నా కళ్లద్దాల పుణ్యమా అని ఇంకాస్త పట్టింది. నూరు శాతం ఆక్సిజన్ పెట్టాను. హెడ్‌సెట్‌లో ఇద్దరి ఊపిరీ బుసలు కొడుతోంది. మాట వినబడుతోందని ఒకరికొకరం చెప్పుకున్నాకే మిగతా పని.

ఆయన చెన్నై వైపు తిప్పారు, నేను రేడియోలో మేడే, అంటే ప్రమాదంలో ఉన్నామనే పిలుపు, చెప్పాను. 1998 సెప్టెంబరు 2న స్విస్‌ఎయిర్ 111లో వాసన పసిగట్టిన దాదాపు 21 నిమిషాలకే విమానం సముద్రంలో కూలి 229 మంది చనిపోయారు. శిక్షణలో విన్న ఆ 21 నన్ను వదలదు. కారణం వెతకడం తిరుగుదారిలోనే.

ఫ్యాన్లు, వంటగది కరెంటు చకచకా ఆపేశాం. మా విమానంలో పీల్చే గాలి ఇంజిన్ల నుంచే వస్తుంది. దాన్ని చల్లబరిచే ప్యాకులు రెండు. ఇంజిన్ నూనె కాస్త ఆ గాలిలో కలిసినా ఇలాంటి కంపే. ఒక్కో ప్యాకు ఆపి చూడాలి. చిక్కంతా ఇక్కడే: మాస్కులో ఉన్న మాకు వాసన తెలియదు! క్యాబిన్‌లోని అమ్మాయికి ఫోను చేశాను. "ముందు వరుసల్లో ఉంది మేడమ్" అంది. ఒకటో ప్యాకు ఆపాం. రెండు నిమిషాలకు తనే ఫోను చేసి "తగ్గుతోంది" అంది. దాన్ని అలాగే ఆపి ఉంచాం.

ఇక తీసేయవచ్చు కదా అని చెయ్యి మాస్కు మీదికి పోయింది. కెప్టెన్‌గారు అడ్డంగా తల ఊపారు. రన్‌వే మీద దిగి పక్కకు మళ్లేదాకా అలాగే ఉన్నాం. వెనక అగ్నిమాపక వాహనాలు వస్తూనే ఉన్నాయి.

ఇంజినీరు అన్నిటికంటే ఎక్కువగా అడిగింది వాసన గురించే. ఫారంలో ఆ గడి దగ్గర నేను "తడి సాక్సులు" అని రాశాను. కెప్టెన్‌గారు "మాడిన నూనె మూకుడు" అని రాశారు.