తప్పు కారుది కాదు, గోడది

ఎలక్ట్రిక్ కారు చార్జింగ్ ఎక్కకపోతే అందరూ బ్యాటరీని అనుమానిస్తారు. నేను ముందు గోడనే అనుమానిస్తాను. తెనాలిలో మా అత్తగారింట్లో పోర్టబుల్ చార్జర్‌ను 15 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టగానే ఎర్ర దీపం వెలిగింది. అదే చార్జర్ ముందు రాత్రి విజయవాడలో మా ఇంట్లో నిక్షేపంగా పనిచేసింది మరి!

ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూశాడు. ఫేజుకూ (కరెంటు వచ్చే తీగ) న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మధ్య 228 వోల్టులు, బాగానే ఉంది. న్యూట్రల్‌కూ ఎర్తుకూ (భూమిలోకి దిగే రక్షణ తీగ) మధ్య రెండు మూడు వోల్టులుంటే సరి. అక్కడ 40 దాటింది. ఫ్రిజ్, మిక్సీ ఇవేమీ పట్టించుకోవు. కారు చార్జర్ మాత్రం మగపెళ్లివారిలా అన్నీ ఆరా తీస్తుంది, ఎర్తు నచ్చకపోతే కరెంటు ముట్టదు.

"న్యూట్రల్‌నే ఎర్తుకు కలిపేస్తే సరిపోతుంది బాబూ" అన్నాడతను. ఒప్పుకోలేదు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కారు బాడీకే కరెంటు వస్తుంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

పెరట్లో ఎర్తు గుంత ఎండి బీటలు వారింది, తీగ తుప్పు పట్టింది. తీగ మార్చి, బొగ్గూ ఉప్పూ వేయించి, నీళ్లు పోయించాక ఆకుపచ్చ దీపం వచ్చింది. వదులుగా ఉన్న పాత సాకెట్‌నూ మార్పించాను. రాత్రంతా మూడు కిలోవాట్లు లాగితే అలాంటివి వేడెక్కి కరిగిపోతాయి. మామగారు ఇప్పుడు రోజూ తులసికోటతో పాటు ఎర్తు గుంతకూ ఓ చెంబెడు నీళ్లు పోస్తున్నారు.