పెత్రమాసకు ముందు మా అమ్మాయికి చెప్పవలసిన మాట

"అమ్మా, ఆ సినిమాలో లాగా అమ్మమ్మను పిలిస్తే తెలుగులోనే మాట్లాడుతుంది కదా, మరి నాకు సగమే అర్థమవుతుంది" అని మా అమ్మాయి అన్నప్పుడు, పోయినవాళ్లతో పరాచికాలేమిటని కసురుకున్నాను. ఆమె పరాచికమాడలేదు. స్నేహితురాలి ఇంట్లో ‘టాక్ టు మీ’ చూసి వచ్చినప్పటి నుంచి ఆ ప్రశ్నను మనసులో పెట్టుకొని తిరిగి, చివరకు ధైర్యం చేసి నన్నే అడిగిందన్న సంగతి నాకు ఆ రాత్రి పడుకున్న తరువాత గానీ తట్టలేదు.

అది ఆస్ట్రేలియాలో మేముంటున్న అడిలైడ్‌లోనే తీసిన సినిమా. ఇక్కడే పెరిగిన గ్రీకు మూలాల కవల సోదరులు డానీ ఫిలిప్పూ, మైకేల్ ఫిలిప్పూ యూట్యూబ్ వీడియోలతో పేరు తెచ్చుకొని తీసిన మొదటి చలనచిత్రమది. 2022 అక్టోబరులో అడిలైడ్ చిత్రోత్సవంలో చూపించారు, మరుసటి ఏడాది థియేటర్లకు వచ్చింది. ఈడొచ్చిన పిల్లలు ఒక ఇంట్లో చేరి, కొవ్వొత్తి వెలిగించి, ఎవరిదో తెలియని ఒక చేతి బొమ్మను పట్టుకొని ‘నాతో మాట్లాడు’ అంటారు. చచ్చిపోయిన మనిషి ఎదురుగా కనబడగానే, లోపలికి రమ్మని తమ ఒంట్లోకి పిలుస్తారు. 90 సెకన్లు దాటకముందే చెయ్యి విడిపించి కొవ్వొత్తి ఆర్పాలి, దాటితే వచ్చిన ఆత్మ అక్కడే ఉండిపోవాలని చూస్తుంది. పిల్లవాడి కళ్లు నల్లబడి ఒళ్లు విరుచుకుపోతుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలో వీడియో తీస్తూ కేరింతలు కొడుతుంటారు.

దయ్యాల సినిమాలు మా ఇంట్లో వద్దన్నది నేను పెట్టిన నియమం, దాని మీద చాలాకాలం పట్టుబట్టాను. ఆమె చూసి వచ్చిందని తెలిసిన తరువాత మాత్రం అందరూ నిద్రపోయాక కూర్చొని నేనూ చూశాను. చూసి, మరునాడు తల్లులందరూ చేసే పనే చేశాను, అంటే చదువు చెప్పాను. నల్లగొండలో హాస్టల్లో ఉన్నప్పుడు మేము కూడా అట్టముక్క మీద అక్షరాలు రాసి, రూపాయి బిళ్ల మీద తలా ఒక వేలు పెట్టి, కరెంటు పోయిన రాత్రుల్లో ఆత్మలను పిలిచేవాళ్లమని, లెక్కల్లో పాసవుతామా అని అడిగితే బిళ్ల వణుక్కుంటూ ‘అవును’ దగ్గరికి జరిగేదని చెప్పాను. 1853లో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త బల్లలు తిప్పే ఆత్మల సంగతి పరీక్షించి, బల్ల కంటే ముందు దాని మీద పెట్టిన చేతులే కదులుతున్నాయని, కదుపుతున్న సంగతి ఆ మనుషులకే తెలియడం లేదని రుజువు చేశాడని చెప్పాను. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్స్‌విల్‌లో తమ ప్రశ్నలకు ఆత్మలు తట్టి జవాబిస్తున్నాయని చెప్పిన ఫాక్స్ అక్కచెల్లెళ్లు కూడా దాదాపు తన వయసు పిల్లలేనని, వారిలో మార్గరెట్ 1888లో నిండు సభలో కాలివేళ్ల కీళ్లు విరిచి ఆ చప్పుడు చేసి చూపించిందని, మరుసటి ఏడాది ఆ మాటను తానే వెనక్కి తీసుకుందని కూడా దాచకుండా చెప్పాను. మా అమ్మాయి అంతా విని, "నేనడిగింది అది కాదమ్మా" అని లేచి వెళ్లిపోయింది.

ఆమె ఏమి అడిగిందో తెలుసుకోవడానికి ఆ సినిమాలోని మియా అనే పిల్లను చూడాలి. ఆ పిల్ల తల్లి నిద్రమాత్రలు ఎక్కువై చనిపోయింది. తండ్రి అదే ఇంట్లో ఉంటాడు గానీ తల్లి గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకోరు. అది పొరపాటున జరగలేదని, తల్లి ఉత్తరం రాసిపెట్టి పోయిందని తండ్రికి తెలుసు, కూతురికి చెప్పడు. ఆ పిల్ల పరాయివాళ్ల ఇళ్లలో, పరాయి చేతిని పట్టుకొని, ఎవరు వస్తారో తెలియని చోట తల్లిని వెతుక్కుంటుంది. స్నేహితురాలి తమ్ముడి నోట తల్లి మాట వినబడినట్టు తోచినప్పుడు, ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు అని గడువు దాటనిస్తుంది, ఆ పసివాడు తన తలను తానే బల్లకేసి కొట్టుకుంటాడు. ఆ దృశ్యం దగ్గర నాకు ఆత్మల మీద భయం పోయి, ఆ తండ్రి మీద కోపం వచ్చింది.

మా అమ్మ పోయినప్పుడు నేను ఒక్కదాన్నే దేవరకొండ దగ్గర మా ఊరికి వెళ్లాను. పిల్లకు పరీక్షలున్నాయి, దహనం, దినాలు చూసి బెదిరిపోతుందని అనుకున్నాను, అది సరైన నిర్ణయమేనని చాలా రోజులు వాదించాను కూడా. తిరిగి వచ్చాక ఆమె ముందు ఏడవకూడదని గట్టిగా అనుకున్నాను. అందువల్ల మా ఇంట్లో అమ్మమ్మ మాట వీడియో కాల్‌తో పాటే ఆగిపోయింది.

నేను పెరిగిన ఇంట్లో పోయినవాళ్లకు ఏడాదికొక రోజు ఉండేది. పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు పొద్దున్నే ఇల్లు కడిగి, తలస్నానాలు చేసి, పెద్దల పేరున బియ్యం, పప్పు, గుమ్మడికాయ, కూరగాయలు జంగమయ్యకు ఇచ్చేవాళ్లు. మధ్యాహ్నం లోపలి అర్రలో దీపం పెట్టి, మోదుగాకు విస్తర్లలో ఎవరికి ఇష్టమైనది వారికి వడ్డించేవాళ్లు. తాత విస్తరి పక్కన కల్లు సీసా, ఒక చుట్ట, అగ్గిపెట్టె ఉండేవి. చుట్ట ఉంచి అగ్గిపెట్టె మరిచిపోతే తాత ఏం చేస్తాడని నాయనమ్మ ఒకసారి మా చిన్నాయనను మళ్లీ దుకాణానికి పంపించింది. నాయిన ఒక్కొక్కరి పేరు చెప్పి సాంబ్రాణి వేసిన తరువాత తలుపు దగ్గరికి వేసి అందరం వాకిట్లో నిలబడేవాళ్లం. వాళ్లు తినేటప్పుడు చూడకూడదు. పిల్లలమైనా సందులోంచి తొంగిచూసేవాళ్లం కాదు. కాసేపటికి తలుపు తట్టి లోపలికి వెళ్లి, ఆ విస్తర్లలోని అన్నమే అందరం పంచుకొని తిని, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు పోయేవాళ్లం. వాళ్లు వచ్చారా, ఏమైనా చెప్పారా అని ఎవరూ అడిగేవారు కాదు.

మా వైపు మనిషి ఒంటి మీదికి రావడం కూడా కొత్తేమీ కాదు. బోనాల నాడు ఎల్లమ్మ పూనిన మనిషిని నలుగురు ఆడవాళ్లు నడుముకు చేతులు వేసి పట్టుకుంటారు, పసుపునీళ్లు చల్లుతారు, శాంతించు తల్లీ అని బతిమాలుతారు, ఆ మనిషి తేరుకొని నీళ్లు తాగేదాకా విడిచిపెట్టరు. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు వచ్చింది కూడా మా వైపు నుంచేనన్నది నేను మరచిపోలేదు. దయ్యాల మాట ఇంట్లో వద్దని పట్టుబట్టడానికి అసలు కారణం అదే. అయితే ఆ భయంతో తలుపు మూసినప్పుడు, దానితో పాటు విస్తరి, పేర్లు, తాత అగ్గిపెట్టె అన్నీ ఆవలనే ఉండిపోయాయి. మా అమ్మాయికి మా అమ్మ తల్లి పేరు తెలియదు.

సినిమా చివర మియా కూడా చనిపోయి, చీకట్లో ఒక వెలుగు వైపు నడిచి, తానెన్నడూ చూడని మనుషుల మధ్య, తన భాష కాని భాష మాట్లాడే వాళ్ల ఎదుట నిలబడుతుంది. మా అమ్మాయి ప్రశ్న ఆ దృశ్యంలోంచే పుట్టిందని నాకిప్పుడు అనిపిస్తున్నది. పిలిచేవాళ్లకూ వచ్చేవాళ్లకూ మధ్య ఏ చుట్టరికమూ లేకపోవడం మా అమ్మాయిని అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టింది.

ఈ పెత్రమాసకు ఆమె చేతనే విస్తరి పెట్టిద్దామని మా ఆయనతో అన్నాను. పెద్దలకు పెట్టడం కొడుకుల పని కదా అని ఆయన సందేహించారు. మా అమ్మకు కొడుకులు లేరు, నేనే ఉన్నాను, నా తరువాత ఈ పిల్లే ఉన్నది. ఆమె మాంసం మానేసింది కాబట్టి అమ్మమ్మకు ఇష్టమైన తలకాయ కూర నేనే వండాలి, పేర్లు ఆమె చదవాలి. పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో రాసి ఇవ్వాలా, ఇంకా ఉన్న ఈ రోజుల్లో తెలుగు అక్షరాలు నేర్పించాలా అన్నది తేలలేదు. ఇంత ఆలస్యంగా, ఒక సినిమా చూసి మేల్కొని, ఏడాదికొక్క రోజు చేసే పనితో ఆ పిల్లకు ఏమి అందుతుందో కూడా నేను చెప్పలేను.

అంతకంటే ముందు చెప్పవలసింది ఒకటున్నది. పోయే ముందు వారంలో మా అమ్మ ఫోన్లో పదేపదే మనవరాలిని చూపించమని అడిగింది. చదువుకుంటున్నదని, పరీక్షలయ్యాక చేయిస్తానని నేను అన్నాను. ఈ సంగతి మా అమ్మాయికి తెలియదు, తెలుగు చదవడం రాదు కాబట్టి ఇది చదివీ తెలుసుకోలేదు. ఆ మాట దాచిపెట్టి ఆమె చేత అమ్మమ్మ పేరు పలికించడం నాకు న్యాయంగా తోచడం లేదు. పెత్రమాసకు ముందే కూర్చోబెట్టి చెప్పాలని ఉన్నది, ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం ఇంకా పాలుపోవడం లేదు.